ఆటిజం ఉన్న పిల్లల ఆందోళనకు మాటల చికిత్స: విశాఖలో ఎవరికైనా అనుభవం ఉందా?

సాగర్‌నగర్_అమ్మ:

అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. చిన్నతనంలోనే ఆటిజం అని నిర్ధారణ అయింది. మాటలు, చదువు, లెక్కలు అన్నీ బాగానే వచ్చాయి, పాఠశాలలో ఉన్నంత కాలం పెద్దగా ఇబ్బంది పడలేదు. కళాశాలలో చేరినప్పటి నుంచి మాత్రం తెల్లవారితే కడుపునొప్పి అంటున్నాడు. బస్సు ఎన్ని గంటలకు వస్తుంది, ఆలస్యమైతే ఏమవుతుంది, ఈ రోజు ల్యాబ్ ఉందా లేదా అని అడిగిందే అడుగుతున్నాడు, నా సమాధానం పూర్తి కాకముందే మళ్లీ అదే ప్రశ్న వేస్తున్నాడు. స్కానింగ్, రక్తపరీక్షలు చేయించాము, కడుపులో ఏ లోపమూ లేదన్నారు. ఇప్పుడు వారంలో సగం రోజులు గడప దాటడం లేదు.

ఒక కౌన్సెలింగ్ కేంద్రానికి తీసుకెళ్తే, ‘నీకు లోపల ఎలా అనిపిస్తోంది’ అని వాడిని పదే పదే అడిగారు. వాడు బల్ల మీదున్న పెన్నుల స్టాండును చూస్తూ కూర్చున్నాడే తప్ప నోరు విప్పలేదు. చివరికి ‘ఇలాంటి పిల్లలకు మాటలతో చెప్పి ప్రయోజనం ఉండదు, ఇది ఆటిజంలో భాగమే, మీరే అలవాటు పడాలి’ అని పంపేశారు. ఆ తరువాత చూసిన సైకియాట్రిస్టు గారు సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చుకోవడం నేర్పే మాటల చికిత్స) ప్రయత్నించమన్నారు. మాట్లాడటమే కష్టమైన పిల్లవాడికి మాటలతో చేసే చికిత్స ఎలా పనిచేస్తుందో నాకు అర్థం కావడం లేదు. అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

మద్దిలపాలెం_సైకాలజిస్టు:

అమ్మా, నేను ఈ నగరంలోనే క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. మీ అబ్బాయిని చూడకుండా అతని గురించి ఏదీ తేల్చి చెప్పడం సరికాదు కనుక, విషయం గురించి తెలిసినంత వరకు రాస్తాను.

‘ఇది ఆటిజంలో భాగమే’ అన్న మాటను మీరు మనసులోంచి తీసేయండి. 1943లో పిల్లల మానసిక వైద్యుడు లియో కానర్ ఆటిజాన్ని పరిచయం చేస్తూ 11 మంది పిల్లల గురించి రాసిన తొలి వ్యాసంలోనే, అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉండాలనే తపనను, అది చెదిరినప్పుడు పిల్లలు పడే భయాన్ని వర్ణించారు. అందువల్ల ఆటిజానికీ ఆందోళనకూ దగ్గరి సంబంధం ఉందన్న మాట కాదనలేనిది. కాని 2011లో 31 అధ్యయనాలను, రెండు వేల మందికి పైగా పిల్లలను కలిపి చూసిన ఒక సమీక్షలో, దాదాపు 40 శాతం మందికే ఏదో ఒక ఆందోళన రుగ్మత ఉన్నట్టు తేలింది. మిగిలినవారికి ఆటిజం ఉంది, ఆ స్థాయి ఆందోళన లేదు. కాబట్టి ఆందోళనను విడిగా గుర్తించాలి, విడిగా చికిత్స చేయాలి. ఆటిజం అన్న పేరు పడగానే మిగతా బాధలన్నిటినీ దాని ఖాతాలో వేసేయడం మన వృత్తిలో చాలా కాలంగా జరుగుతున్న అన్యాయం.

సీబీటీకి మూలాలు 1960లలో అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ చేసిన పనిలో ఉన్నాయి. భయపడిన పనిని మానేసిన ప్రతిసారీ ఒంటికి హాయిగా ఉంటుంది, ఆ హాయే మరునాడు కూడా మానేయడానికి పురికొల్పుతుంది, చివరికి ఆ పని చేసినా కొంప మునగదని తెలుసుకునే అవకాశమే మనసుకు లేకుండా పోతుంది. ఈ వలయాన్ని చిన్న చిన్న మెట్లుగా తెంచడమే చికిత్సలో సగం. ఆ మెట్టు ఎక్కే ముందు ఏం జరుగుతుందని అనుకున్నాము, ఎక్కాక నిజంగా ఏం జరిగింది అని పోల్చి చూసుకోవడం మిగతా సగం.

‘ఎలా అనిపిస్తోంది’ అని అడిగితే మీ అబ్బాయి మాట్లాడకపోవడానికి కారణం మొండితనం కాకపోవచ్చు. ఆటిజం ఉన్నవారిలో దాదాపు సగం మందికి తమ భావాన్ని గుర్తించి దానికి పేరు పెట్టడం కష్టమని పరిశోధనలు చెబుతున్నాయి. గుండె దడదడలాడుతున్నది తెలుస్తుంది, అది భయమో కోపమో ఆకలో తెలియదు. అటువంటి పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టి భావాల గురించి అడగడం, అక్షరాలు నేర్పకుండా పద్యం చదవమన్నట్టే ఉంటుంది. అందుకే బ్రిటన్‌లో ఏ జబ్బుకు ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాలు, మాట్లాడి ఆలోచించగల శక్తి ఉన్న ఆటిజం పిల్లలకు సీబీటీని సూచిస్తూనే, దాన్ని మార్చి వాడమన్నాయి. భావాలను గుర్తించడం ముందు నేర్పాలి. నోటిమాట కన్నా రాతను, బొమ్మలను ఎక్కువగా వాడాలి. ఖాళీ ప్రశ్న వేయకుండా ఎంచుకోవడానికి నాలుగు జవాబులు ఇవ్వాలి. మధ్యమధ్య విరామం ఉండాలి, తల్లిదండ్రులు చికిత్సలో భాగం కావాలి, పిల్లవాడికి ప్రాణమైన ఆసక్తిని పాఠంలోకి తేవాలి.

ఈ మార్పుల వల్ల నిజంగా తేడా ఉంటుందా అన్న ప్రశ్నకు అమెరికా పరిశోధకుడు జెఫ్రీ వుడ్ బృందం 2020లో ప్రచురించిన చికిత్సా ప్రయోగాన్ని చూడవచ్చు. 7 నుంచి 13 ఏళ్ల వయసున్న 167 మంది పిల్లలను మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు మామూలు సీబీటీని, ఒక జట్టుకు ఆటిజానికి తగ్గట్టు మలచిన సీబీటీని ఇచ్చారు, మూడో జట్టుకు బయట దొరికే చికిత్సను కొనసాగించారు. సీబీటీ అందిన రెండు జట్లూ మూడోదాని కన్నా బాగుపడ్డాయి, వాటిలోనూ మలచిన పద్ధతి ముందు నిలిచింది. అయితే ఆ పిల్లలు మీ అబ్బాయి కన్నా చిన్నవారు. అదీగాక 2016 నాటి ఒక సమీక్షను బట్టి, తల్లిదండ్రులు, వైద్యులు వేసిన అంచనాల్లో కనిపించినంత మెరుగుదల పిల్లలు తమ గురించి తాము చెప్పినదాంట్లో కనిపించదు. అందుకే నా దగ్గరికి వచ్చే కుటుంబాలకు నేను ఆశ చూపుతాను గాని హామీ ఇవ్వను.

గాజువాక_నాన్న:

డాక్టరు గారూ, మెట్లు మెట్లుగా అన్నారు కదా, ఆ మాట మీదే మాకు ఒక చేదు అనుభవం ఉంది. మా అమ్మాయికి 13 ఏళ్లు. కుక్కర్ ఈల వేస్తే చెవులు మూసుకుని పెరట్లోకి పరిగెడుతుంది. నేవీ డే విన్యాసాల కోసం విమానాలు తక్కువ ఎత్తులో ఎగిరే రోజుల్లో మంచం కిందనుంచి బయటికి రాదు. ఒక చోట ఇది భయమే, అలవాటు చేస్తే పోతుందని చెప్పి, ఫోనులో ఆ శబ్దాలను పెద్దగా పెట్టి వినిపించారు. రెండు వారాలు తిరిగేసరికి ఆ గది ఉన్న వీధిలోకి వెళ్లాలన్నా ఏడవడం మొదలుపెట్టింది. భయాన్ని ఎదుర్కోవడం అంటే ఇదేనా?

వాల్తేరు_ఓటీ:

అన్నయ్యా, అది చికిత్స కాదు, ఆ పాపను హింసించడమే. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టును, అంటే పిల్లలు రోజువారీ పనులు చేసుకోగలిగేలా సాయపడతాను. ఇటువంటి పిల్లలను చూసినప్పుడు మేము మొట్టమొదట తేల్చుకునేది, శబ్దం వినగానే బాధ కలుగుతోందా, లేక శబ్దం వస్తుందేమోనన్న ఎదురుచూపులో కలుగుతోందా అన్నది. ఆటిజం ఉన్న చాలామందికి శబ్దం, వెలుతురు, బట్టల కుట్టు నిజంగానే భరించరానంత తీవ్రంగా తగులుతాయి. నొప్పిని అలవాటు చేయలేము, తగ్గించాలి. కుక్కర్ పెట్టేముందు పాపకు చెప్పడం, వంటగది తలుపు వేయడం, చెవులకు శబ్దం తగ్గించే మఫ్‌లు ఇవ్వడం, విన్యాసాలు, రిహార్సల్స్ ఏ రోజుల్లో ఉంటాయో పత్రికలో చూసి క్యాలెండరులో రాసి పెట్టడం, వీలైతే ఆ పూట సముద్రతీరానికి దూరంగా బంధువుల ఇంటికి వెళ్లడం వంటివి చేయవచ్చు. ఇవి గారాబం కిందకు రావు, చూపు ఆననివారికి కళ్లజోడు ఇచ్చినంత సహజమైనవి.

ఇవన్నీ చేశాక కూడా, కుక్కర్ పొయ్యి మీద లేని రోజున సైతం పాప వంటగది వైపు రావడం లేదంటే, అప్పుడు మిగిలింది భయం. దానికి మెట్ల పద్ధతి పనికొస్తుంది, అది కూడా పాప ఒప్పుకున్న మెట్టు నుంచే, పాప చేతిలో ఆపే అధికారం ఉంచి మొదలుపెట్టాలి. మొదటి మెట్టు, చల్లారిన ఖాళీ కుక్కర్‌ను మూత తీసి చూడటం కావచ్చు. పెద్ద శబ్దంతో ఒక్కసారి ముంచేయడం ఎవరూ చేయకూడదు.

కేకేలైన్_కుర్రాడు:

అందరికీ నమస్కారం. నాకు 24 ఏళ్లు, ఆటిజం ఉంది, ఇలాంటి చికిత్స తీసుకున్నాను. తల్లిదండ్రులు, వైద్యులు మాట్లాడుకుంటున్న చోట నా వంటివాడి మాట కూడా ఉండాలని రాస్తున్నాను.

నాకు రైళ్లంటే ప్రాణం. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే మార్గంలో స్టేషన్లు, సొరంగాలు వరుసగా చెప్పగలను. నా థెరపిస్టు మొదటి రోజుల్లో భయాన్ని సున్నా నుంచి పది వరకు అంకెలతో చెప్పమన్నారు. నాకు రాలేదు, ఎందుకంటే ఆరుకూ ఏడుకూ తేడా ఏమిటో ఎవరూ నిర్వచించలేదు. తరువాత ఆయన సిగ్నళ్లు వాడదామన్నారు. ఆకుపచ్చ అంటే ఒళ్లంతా మామూలుగా ఉంది. రెండు పసుపు దీపాలంటే దవడ బిగుసుకుంటోంది, భుజాలు పైకి లేస్తున్నాయి. ఒక పసుపు దీపమంటే అరచేతులు తడిసిపోయాయి, ఎదుటివాళ్ల వాక్యంలో సగమే వినిపిస్తోంది. ఎరుపు అంటే మాట పోయింది. ప్రతి రంగు కింద నా శరీరంలో కనిపించే గుర్తులనే రాసుకున్నాము, భావాల పేర్లు అసలు రాయలేదు. ఆ కాగితం నా పర్సులో ఇప్పటికీ ఉంది. రెండు పసుపు దీపాల దగ్గరే ఆగి నీళ్లు తాగడం, పక్కకు వెళ్లడం నేర్చుకున్నాను. ఎరుపు వచ్చాక ఏ ఉపాయమూ పనిచేయదని కూడా అక్కడే తెలుసుకున్నాను.

ఆ తరువాతే మెట్లు మొదలయ్యాయి. నాకు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో రద్దీ భయం. మొదట మధ్యాహ్నం పూట, జనం పలచగా ఉన్నప్పుడు, ప్రవేశద్వారం దగ్గర ఐదు నిమిషాలు నిలబడ్డాను. ఆ తరువాత ప్లాట్‌ఫాం దాకా వెళ్లాను, ఆ తరువాత సింహాచలం బస్సు ఎక్కి ఒక్క స్టాపులో దిగాను. ప్రతిసారీ ముందు ‘ఏం జరుగుతుందనుకుంటున్నావు’ అన్న గడిని నింపి వెళ్లి, వచ్చాక పక్క గడిని నింపేవాడిని. నేను ఊహించినవి చాలావరకు జరగలేదు. జరిగినవి కూడా ఉన్నాయి, ఒకసారి ఎవరో తోసేస్తే కింద పడ్డాను. దాన్ని కూడా రాశాము, దానికి ఏం చేయాలో కూడా రాశాము.

చికిత్స చేసేవారికి ఒక మనవి. దీనికి ముందు నేను వెళ్లిన ఒక కౌన్సెలర్ దగ్గర, హాస్టల్‌లో అందరూ నన్ను చూసి నవ్వుతున్నారని చెబితే, అది నీ ఆలోచనలోని పొరపాటు అని తేల్చేశారు. వాళ్లు నిజంగానే నవ్వేవారు, నా నడకను అనుకరించేవారు. పిల్లలు ఏడిపింపులకు గురవుతున్నప్పుడు మారాల్సింది వాళ్ల ఆలోచన కాదు. మరో విషయం, కళ్లలోకి చూసి మాట్లాడటాన్ని, చేతులు ఊపకుండా కూర్చోవడాన్ని చికిత్స లక్ష్యాలుగా పెట్టవద్దు. నలుగురిలో మామూలుగా కనిపించడానికి పగలంతా నటించిన రోజు రాత్రి నాకు భయం ఎక్కువవుతుంది.

మద్దిలపాలెం_సైకాలజిస్టు:

తమ్ముడూ, మీరు రాసిన చివరి రెండు విషయాలను మా విద్యార్థులకు చదివి వినిపించాలని ఉంది, మీ అనుమతి ఉంటేనే. ఆలోచనను పరీక్షించడం అంటే అది తప్పని ముందే తీర్పు ఇవ్వడం కాదు, నిజం కూడా కావచ్చునన్న ఎరుకతో చూడటం. నటన గురించి మీరు చెప్పినదానికి పరిశోధనల ఊతం కూడా ఉంది, ఆటిజాన్ని దాచుకునే ప్రయత్నం ఎక్కువ చేసేవారిలో ఆందోళన కూడా ఎక్కువగా ఉన్నట్టు చాలా అధ్యయనాల్లో కనిపించింది.

కేకేలైన్_కుర్రాడు:

చదివి వినిపించండి, నాకు సమ్మతమే.

విశ్రాంత_ఉపాధ్యాయుడు:

నేను ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పాను. మా మనవడికి కూడా ఈ సమస్యే ఉంది, అందుకే ఇదంతా శ్రద్ధగా చదివాను. నాకొక సందేహం ఉంది, దయచేసి తప్పుగా తీసుకోవద్దు. ఒకవైపు చెవులకు మఫ్‌లు ఇవ్వండి, ముందే చెప్పండి అంటున్నారు, మరోవైపు తప్పించుకుంటే భయం పెరుగుతుంది అంటున్నారు. మా ఇంట్లో వాడి కోసం అందరం వేళకు భోజనం చేస్తాము, చుట్టాలను పిలవడం మానేశాము, వాడు అడిగిన ప్రశ్నకు ఎన్నిసార్లయినా జవాబు చెబుతాము. ఇందులో ఏది సాయం, ఏది చెడగొట్టడం?

మద్దిలపాలెం_సైకాలజిస్టు:

మాస్టారూ, తల్లిదండ్రులను ఎక్కువగా వేధించే ప్రశ్న ఇదే. నేను వాడే గీటురాయి ఒకటి చెబుతాను. మనం చేసే ఏర్పాటు వల్ల పిల్లవాడు మునుపటి కన్నా ఎక్కువ చోట్లకు వెళ్లగలుగుతున్నాడా, తక్కువ చోట్లకు వెళ్తున్నాడా? మఫ్‌లు పెట్టుకుని మీ మనవడు పెళ్లికి రాగలిగితే అది సాయం. చుట్టాలు రావడం ఆగిపోయి, ఇల్లు మొత్తం వాడి భయం చుట్టూ తిరుగుతుంటే, ప్రేమతో చేసినా అది భయాన్ని పోషిస్తుంది. అలాగని రేపే పదిమందిని భోజనానికి పిలవకండి. వాడికి ఇష్టమైన ఒక్క బంధువును, ఎన్ని గంటలకు వచ్చి ఎన్ని గంటలకు వెళ్తారో ముందే రాసి చూపించి, అరగంటకు పిలవండి. వాడు మధ్యలో తన గదికి వెళ్లినా ఫరవాలేదని వచ్చినవారికి చెప్పి ఉంచండి.

అడిగిందే అడగడం గురించి సాగర్‌నగర్ అమ్మగారికి కూడా చెబుతున్నాను. ఏం జరుగుతుందో తెలియకపోవడాన్ని భరించలేకపోవడం ఆటిజంలో ఆందోళనకు పెద్ద ఇంధనమని పరిశోధకులు గుర్తించారు. ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వారు అచ్చంగా దీని మీదే తల్లిదండ్రుల కోసం ఒక శిక్షణ రూపొందించారు. అనిశ్చితిని జీవితంలోంచి తీసేయడం సాధ్యం కాదు, కొద్దికొద్దిగా దానితో ఉండగలగడం నేర్పవచ్చు. మీ అబ్బాయి విషయంలో మొదట బస్సు వేళ, ల్యాబ్ రోజులు ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. అడిగినప్పుడు నోటితో చెప్పకుండా ఆ కాగితం చూపండి. అది కుదుటపడ్డాక, ‘బస్సు రాకపోతే’ అన్న గడిని వాడి చేతే నింపించండి. పది నిమిషాలు చూడాలి, తరువాత ఫలానా నంబరుకు ఫోన్ చేయాలి, తరువాత ఆటో ఎక్కాలి. అప్పుడు ఆలస్యం అన్నది అంతులేని ప్రమాదంగా మిగలదు, ఏం చేయాలో తెలిసిన పరిస్థితి అవుతుంది.

పెందుర్తి_రవి_నాన్న:

మా వాడికి 15 ఏళ్లు, మాటలు పదో పన్నెండో ఉన్నాయి. ఇక్కడ చెప్పినవన్నీ బాగా మాట్లాడే పిల్లల గురించే. మా వంటి వాళ్లం ఏం చేయాలి?

మద్దిలపాలెం_సైకాలజిస్టు:

మీరు అన్నది నిజమే, పరిశోధనల్లో ఎక్కువ భాగం మాటలు వచ్చిన పిల్లల మీదే జరిగింది, మీ వాడి వంటి పిల్లలకు ఈ రంగం బాకీ పడి ఉంది. ఆలోచనలను చర్చించే భాగం వారికి కుదరదు. కాని మెట్లు మెట్లుగా దగ్గర చేయడం, ఒక్కో మెట్టుకు వాడికి ఇష్టమైనది ఇవ్వడం, జరగబోయేదాన్ని ఫొటోల వరుసగా చూపడం, ‘చాలు’ అని చెప్పడానికి ఒక కార్డు ఇవ్వడం మాటలు లేకుండానే చేయవచ్చు. ఒక్క జాగ్రత్త తప్పకుండా తీసుకోండి. మాటలు లేని పిల్లవాడి ప్రవర్తన హఠాత్తుగా మారితే, ఆందోళన అనుకునే ముందు పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం, మూర్ఛ వంటివి లేవని వైద్యుల చేత చూపించండి.

నిర్వాహకులు:

కొందరు సభ్యులు తమ పిల్లలకు ఇస్తున్న మందుల పేర్లు, మోతాదులు రాశారు. వాటిని తొలగించాము. మందుల విషయం మీ సైకియాట్రిస్టుతోనే మాట్లాడండి.

వాల్తేరు_ఓటీ:

ఎక్కడికి వెళ్లాలని సందేశాల్లో అడుగుతున్నవారి కోసం రాస్తున్నాను. మన నగరంలో చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలలో, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) మానసిక వైద్య విభాగంలో మొదట చూపించుకోవచ్చు. ప్రైవేటుగా వెళ్లేవారు, ఎదుటివారు క్లినికల్ సైకాలజిస్టుగా రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉన్నారా అని అడగడానికి మొహమాటపడవద్దు, ఆ నమోదు సంఖ్య చెప్పడం వారి బాధ్యత. వెంటనే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్‌కు 14416 నంబరులో ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది కనుక సదరం సర్టిఫికెట్ (వైకల్య ధ్రువపత్రం) కోసం దరఖాస్తు చేసుకోండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఏడాదికి లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది, థెరపీ ఖర్చులు కూడా అందులో కొంతవరకు వస్తాయి. పరీక్షలంటే వణికే పిల్లలకు అదనపు సమయం దొరుకుతుందన్న ధీమా కూడా మందులాంటిదే, కళాశాలలో ముందుగానే అడిగి పెట్టుకోండి.

సాగర్‌నగర్_అమ్మ:

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. గోడ మీద కాగితం అంటించాము. మొదటి రెండు రోజులు మా వాడు కాగితాన్ని కూడా చూసి, నన్ను కూడా అడిగాడు. ఇప్పుడు కాగితం ముందు నిలబడి తనలో తానే చదువుకుంటున్నాడు. కళాశాలకు ఇంకా రోజూ వెళ్లడం లేదు. వచ్చే వారం కొత్త సైకాలజిస్టు దగ్గరికి తీసుకెళ్తున్నాము. కేకేలైన్ బాబూ, నీకు అభ్యంతరం లేకపోతే ఒక్కటి చెప్పు నాయనా. కిందటిసారి జరిగిన దాని వల్ల వాడు కౌన్సెలింగ్ అన్న మాట వింటేనే ముడుచుకుపోతున్నాడు. మొదటి రోజు వాడికి సులువు కావాలంటే నేను వారిని ఏమని అడగాలి?

కేకేలైన్_కుర్రాడు:

ఆంటీ, ఆ గది ఫొటో, మీరు కూర్చునే వరండా ఫొటో ముందే వాట్సాప్‌లో పంపమని అడగండి. ఎంతసేపు ఉంటుంది, ఏమేమి అడుగుతారు అన్నది నాలుగు వాక్యాల్లో రాసి ఇమ్మనండి. మొదటి రోజు మాట్లాడకపోయినా ఫరవాలేదని, కాగితం మీద రాసి ఇవ్వవచ్చని మీ వాడికి వాళ్ల చేతే చెప్పించండి. ఎదురెదురుగా కాకుండా పక్కపక్కన కూర్చునే వీలుందేమో కనుక్కోండి. వాడికి దేనిమీద ఆసక్తి ఎక్కువో ఆ వివరం మీరే ముందుగా వారికి పంపండి. వారు దాని గురించి ఒక్క ప్రశ్న అయినా తయారు చేసుకుని వస్తే, వాడు తప్పకుండా గమనిస్తాడు.